స్టేడియం బయట విగ్రహం ఎవరికి దక్కుతుంది?

టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ ఫుట్‌బాల్ స్టేడియం పేరు కైల్ ఫీల్డ్. దానికి ఉత్తరం వైపు కొన్ని కుక్కల సమాధులున్నాయి. 1931 నుంచి ఆ యూనివర్సిటీ మస్కట్‌గా, అంటే జట్టుకు శుభచిహ్నంగా, రెవెలీ అనే కుక్క ఉంటూ వస్తోంది. ఒకటి పోతే ఇంకొకటి వస్తుంది, పేరు మాత్రం అదే. పోయినవాటిని లాంఛనంగా స్టేడియం గుమ్మం దగ్గరే పూడ్చిపెడతారు. లోపలి స్కోరుబోర్డు వాటికి ఎప్పుడూ కనబడుతూ ఉండాలని ఆ చోటు ఎంచుకున్నారు. తర్వాత స్టేడియాన్ని పెంచి కట్టినప్పుడు కొత్త గ్యాలరీ అడ్డొచ్చి బోర్డు కనబడకుండా పోయింది. దాంతో సమాధుల కోసమని బయట విడిగా ఒక చిన్న స్కోరుబోర్డు పెట్టించారు.

కొత్తగా చూసేవాళ్లకు నవ్వొస్తుంది. కానీ అక్కడ చదువుకున్నవాళ్ల దగ్గర నవ్వి చూడండి, ఎలా మీద పడతారో! అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ అంటే ఇదే వరస. (మనకు తెలిసిన కాలి బంతి వేరు, ఇది బంతిని చంకలో పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకుంటూ ఆడే అమెరికన్ ఆట.) ఆ దేశంలో లక్షమందికి పైగా పట్టే స్టేడియాలన్నీ కాలేజీ జట్లవే. ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్‌కు అంత పెద్దది ఒక్కటీ లేదు. మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో 1,07,601 మంది కూర్చోవచ్చు. కాలేజీ స్టేడియాల్లో కొన్నిటికి పక్కనున్న ఊళ్లు చిన్నవి. అలాంటిచోట శనివారం మ్యాచ్ ఉంటే ఊరి జనాభాకు రెండింతల మంది స్టేడియంలోనే ఉంటారు. ఎం.ఎస్. చదవడానికి ఇలాంటి ఊళ్లకు వెళ్లిన మన తెలుగు పిల్లలు మొదటి సెమిస్టర్‌లో నేర్చుకునే సంగతుల్లో ఇదొకటి: మ్యాచ్ ఉన్న శనివారం కారు బయటికి తీయకూడదు.

ప్రొఫెషనల్ జట్టులో ఒక ఆటగాడు పదేళ్లు, పదిహేనేళ్లు ఉండొచ్చు. కాలేజీలో ఎంత గొప్పవాడైనా మూడు నాలుగేళ్లకు వెళ్లిపోవాల్సిందే. జట్టు ఏటా మారిపోతుంది, మారకుండా మిగిలేది స్థలం ఒక్కటే. పాతికేళ్ల కింద చదువుకున్నవాడు తిరిగొచ్చినప్పుడు మైదానంలో ఒక్క ముఖమూ గుర్తుపట్టలేడు. అతను గుర్తుపట్టేది గేటును, విగ్రహాన్ని, గోడ మీది పేర్లను. విరాళం చెక్కు రాసేదీ అతనే. ఇక రెండో రకం సందర్శకుడికి 17 ఏళ్లుంటాయి. హైస్కూల్లో బాగా ఆడే అలాంటి కుర్రాణ్ని తమ యూనివర్సిటీలో చేర్చుకోవడానికి కోచ్‌లు క్యాంపస్ చూపించడానికి పిలుస్తారు. విగ్రహాల మధ్యగా తిప్పుతూ “రేపు నీదీ ఇక్కడే” అన్న ఆశ కల్పిస్తారు. అంచేత స్టేడియం చుట్టూ కనబడే చరిత్రను పూర్తిగా చరిత్రగా తీసుకోకూడదు. అందులో కొంత కృతజ్ఞత, కొంత వ్యాపారం, కొంత పశ్చాత్తాపం కలిసి ఉంటాయి. ఏది ఎంత పాలు అన్నది, ఆ గుర్తును ఎవరు, ఏ సంవత్సరంలో పెట్టారో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

మొదటి పొర యుద్ధానిది. 1920ల్లో కట్టిన స్టేడియాల్లో చాలావాటికి మెమోరియల్ అన్న మాట పేరులోనే ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన విద్యార్థులు, స్థానికుల జ్ఞాపకార్థమని చెప్పి చందాలు వసూలు చేసి కట్టారు. నెబ్రాస్కా, కాలిఫోర్నియా, ఇల్లినాయ్, టెక్సస్ వగైరా. ఇల్లినాయ్ యూనివర్సిటీ స్టేడియంలో 1923లో మొదటి మ్యాచ్ జరిగింది. దాని తూర్పు, పడమర వైపుల్లో వరసగా ఉన్న రాతి స్తంభాల మీద యుద్ధంలో పోయిన విద్యార్థుల పేర్లు చెక్కారు. మరుసటి ఏడాది అక్టోబరు 18న ఆ స్టేడియాన్ని అధికారికంగా అంకితం చేసిన రోజు, రెడ్ గ్రేంజ్ అనే కుర్రాడు మిషిగన్ జట్టు మీద మొదటి 12 నిమిషాల్లో నాలుగు టచ్‌డౌన్లు (బంతిని అవతలివాళ్ల గీత దాటించి సాధించే పెద్ద స్కోరు) చేశాడు. ఆ దెబ్బకు జనం నోట స్తంభాల మీది పేర్లకంటే గ్రేంజ్ పేరే ఎక్కువ నానింది. 2009లో అక్కడే ఆయన నిలువెత్తు విగ్రహం కూడా లేచింది.

ఆ స్టేడియం పేరు ఇప్పుడు గీస్ మెమోరియల్ స్టేడియం. 2025లో ఒక పూర్వ విద్యార్థి 10 కోట్ల డాలర్లు విరాళమిచ్చాడు, బదులుగా ఆయన తండ్రి పేరు ముందు చేరింది. మెమోరియల్ అన్న మాటను తీసెయ్యలేదు, పక్కకు జరిపారు. లాస్ ఏంజెలిస్‌లో ఇంతకంటే గొడవైంది. సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ ఆడే మెమోరియల్ కలీసియం కూడా 1923 నాటి యుద్ధ స్మారకమే. 2018లో దానికి యునైటెడ్ ఎయిర్‌లైన్స్ పేరు తగిలించబోయారు. మాజీ సైనికులు ఊరుకోలేదు. చివరికి కలీసియం పేరు కలీసియంగానే ఉంచి, లోపలి మైదానానికి మాత్రం ఎయిర్‌లైన్స్ పేరు పెట్టుకున్నారు. స్టేడియం ఒకరిది, గడ్డి ఇంకొకరిది అన్న ఈ ఏర్పాటు ఇప్పుడు అమెరికా అంతటా మామూలైపోయింది. పాతవాళ్ల పేరు తియ్యకుండా కొత్తవాళ్ల డబ్బు తీసుకోవడానికి ఇంతకంటే సులువైన దారి ఇంకా ఎవరికీ దొరకలేదు.

యుద్ధం తర్వాతి పొర కోచ్‌లది. ఆటగాళ్లు వచ్చిపోతుంటారు, కోచ్ మాత్రం పాతికేళ్లు ఉండగలడు కాబట్టి జట్టుకు ముఖం ఆయనే అవుతాడు. నోటర్ డామ్ యూనివర్సిటీలో దేశ ఛాంపియన్‌షిప్ గెలిపించిన కోచ్‌ల విగ్రహాలను స్టేడియం గేట్ల దగ్గర నిలబెట్టారు. అలబామా యూనివర్సిటీ ఇంకో మెట్టు పైకెక్కింది. టస్కలూసాలోని బ్రయంట్-డెన్నీ స్టేడియం ముందు 2006లో వాక్ ఆఫ్ ఛాంపియన్స్ అనే దారి వేసి, ఛాంపియన్‌షిప్ గెలిచిన నలుగురు కోచ్‌ల కంచు విగ్రహాలు పెట్టారు. మరుసటి ఏడాది నిక్ సేబన్ కోచ్‌గా వచ్చాడు. 2010 జనవరిలో టైటిల్ గెలిచాడు, 2011 ఏప్రిల్‌లో ఆయన విగ్రహం కూడా సిద్ధమైంది. మనిషి ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాడు. అంటే రోజూ పనికొచ్చే చోటే తన విగ్రహం కనబడుతుంటుంది. ఆ తర్వాత ఆయన అక్కడే ఇంకో ఐదు టైటిళ్లు గెలిచాడు, 2024లో రిటైరయ్యాక మైదానానికీ ఆయన పేరే పెట్టారు. కాబట్టి అలబామా పందెం నెగ్గింది.

పందెం అనే అనాలి. బతికున్న మనిషికి విగ్రహం పెట్టడమంటే అతని మిగతా జీవితానికి కూడా సంస్థ పూచీ పడటమే. పెన్ స్టేట్ యూనివర్సిటీ ఆ పందెం ఓడిపోయింది. జో పటర్నో అక్కడ 46 సీజన్లు హెడ్ కోచ్. 2001లో బీవర్ స్టేడియం బయట ఏడడుగుల ఎత్తున ఆయన విగ్రహం పెట్టారు, ఆయన బతికుండగానే. వేలెత్తి పరుగెడుతున్న కోచ్, వెనక ఆటగాళ్లు. పదేళ్ల తర్వాత, ఆయన దగ్గర ఏళ్ల తరబడి అసిస్టెంట్‌గా చేసిన జెరీ శాండస్కీ పిల్లల మీద లైంగిక దాడుల కేసులో అరెస్టయ్యాడు. తర్వాత కోర్టులో 45 అభియోగాల్లో దోషిగా తేలాడు. ఫిర్యాదు చాలాముందే పై అధికారుల దాకా వచ్చినా పటర్నోతో సహా వాళ్లెవరూ దాన్ని బయటపెట్టలేదని యూనివర్సిటీ వేయించిన విచారణ కమిటీ 2012 జులైలో నివేదిక ఇచ్చింది. అప్పటికి పటర్నో చనిపోయి ఆర్నెల్లు. ఆయన కుటుంబం ఆ నివేదికను ఒప్పుకోలేదు. నివేదిక వచ్చిన పది రోజులకు, జులై 22 ఆదివారం పొద్దున్నే పనివాళ్లు వచ్చి విగ్రహానికి చుట్టూ పరదాలు కట్టి, పెకిలించి తీసుకుపోయారు.

విగ్రహం లేస్తే సంబరం, కూలితే రాజకీయం అన్న సంగతి 2011లో ట్యాంక్‌బండ్‌ను చూసిన తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. అయితే పెన్ స్టేట్‌లో ఆలోచించాల్సిన ముక్క ఇంకొకటుంది. విగ్రహాన్ని తీసేసిన అదే రోజు యూనివర్సిటీ అధ్యక్షుడు, లైబ్రరీకి ఉన్న పటర్నో పేరును మాత్రం ఉంచుతున్నట్టు ప్రకటించాడు. విగ్రహం జనాన్ని చీలుస్తోందని, లైబ్రరీ పేరు మాత్రం పటర్నో కుటుంబం చదువుకు చేసిన సాయానికి గుర్తని ఆయన వాదన. తర్కం అర్థమవుతుంది, నమ్మడం కాస్త కష్టం. మనిషి ఒకడే కదా, చదువుకు ఇచ్చిన చెయ్యిని ఒకవైపు, ఫిర్యాదు విని ఊరుకున్న చెవిని ఇంకోవైపు పెట్టి లెక్క కట్టగలమా? విగ్రహంతో వచ్చే ఇబ్బంది ఇదే. గోడ మీది పేరును కొంత సర్దుబాటు చేసుకోవచ్చు గానీ, కంచులో పోసిన మనిషిని సగం ఉంచి సగం తియ్యడం కుదరదు. ఆ వివాదం ఇప్పటికీ చల్లారలేదు. ఈ కేసులో శిక్షగా కొట్టేసిన పటర్నో విజయాలను 2015లో రికార్డుల్లో తిరిగి చేర్చారు. మైదానానికైనా ఆయన పేరు పెట్టాలని పూర్వ విద్యార్థుల్లో ఒక వర్గం పట్టుబట్టింది. 2025లో ట్రస్టీల బోర్డు ఆ మైదానానికి, 5 కోట్ల డాలర్ల విరాళానికి బదులుగా, ఇళ్లకు కిటికీలు, తలుపులు బిగించే ఒక కంపెనీ పేరు పెట్టింది.

సేబన్‌కు విగ్రహం 15 నెలల్లో వచ్చింది. ఐయోవా రాష్ట్రంలో ఏమ్స్ అనే ఊళ్లో జాక్ ట్రైస్ పేరు స్టేడియానికి ఎక్కడానికి 74 ఏళ్లు పట్టింది.

ట్రైస్ ఐయోవా స్టేట్ కాలేజీ జట్టులో ఆడిన మొదటి నల్లజాతి యువకుడు. 1923 అక్టోబరు 6న మినెసోటా యూనివర్సిటీతో మ్యాచ్ ఆడటానికి జట్టు మినియాపొలిస్ వెళ్లింది. ఒక యూనివర్సిటీ తరఫున అతనికది మొదటి పెద్ద మ్యాచ్. ముందు రోజు రాత్రి హోటల్ గదిలో, హోటల్ వాళ్ల కాగితం మీద తనకు తాను ఒక ఉత్తరం రాసుకున్నాడు. తన జాతి పరువు, కుటుంబం పరువు, తన పరువు పణంగా ఉన్నాయని, అందరూ తన నుంచి గొప్ప ఆట ఆశిస్తున్నారని, ఆడి తీరతానని అందులో ఉంది. మ్యాచ్ మొదట్లోనే అతని కాలర్ బోన్ (మెడకూ భుజానికీ మధ్య ఉండే ఎముక) విరిగింది. అయినా బయటికి రాలేదు. మూడో క్వార్టర్‌లో ప్రత్యర్థులను ఆపబోయి వెల్లకిలా పడ్డాడు, పడ్డవాడి మీదుగా అవతలి ఆటగాళ్లు తొక్కుకుంటూ పోయారు. ప్రయాణం చేయొచ్చని అక్కడి ఆసుపత్రిలో చెప్పారు. రైల్లో పడుకోబెట్టి ఏమ్స్ తీసుకొచ్చారు. అక్టోబరు 8న ప్రాణం పోయింది. వయసు 21. అంత్యక్రియలకు ముందు అతని కోటు జేబులో ఆ ఉత్తరం దొరికింది. క్యాంపస్‌లో జరిగిన అంత్యక్రియలకు వేలమంది వచ్చారు, అక్కడే ఉత్తరం చదివి వినిపించారు. తొక్కడం కావాలని చేసిందా, ఆటలో జరిగిందా అన్న వాదన మాత్రం నేటికీ తేలలేదు. ఐయోవా స్టేట్ 1924 తర్వాత మళ్లీ 1989 దాకా మినెసోటాతో ఆడలేదు.

ఆ తర్వాతి కథలో స్టేడియాల రాజకీయం అంతా కనబడుతుంది. జిమ్‌లో ఒక ఫలకం పెట్టి కాలేజీ ట్రైస్‌ను మరిచిపోయింది. 1957లో ఒక విద్యార్థి దుమ్ముపట్టిన ఆ ఫలకాన్ని చూసి కాలేజీ పత్రికలో రాశాడు. 1970ల్లో మళ్లీ విద్యార్థులే ఆ కథ తవ్వి తీశారు. సరిగ్గా అప్పుడే కొత్త స్టేడియం కడుతున్నారు. దానికి ట్రైస్ పేరు పెట్టాలని విద్యార్థి సంఘం, క్యాంపస్ పత్రిక ఉద్యమం నడిపాయి. 1975లో స్టేడియం తెరుచుకుంది, పేరు పెట్టడాన్ని యాజమాన్యం నానుస్తూ పోయింది. 1984లో ఒక రాజీ కుదిర్చారు: స్టేడియం పేరు సైక్లోన్, లోపలి మైదానం పేరు జాక్ ట్రైస్. విద్యార్థులకు ఆ రాజీ నచ్చలేదు. తమ సంఘం డబ్బుతో 1988లో క్యాంపస్ నడిబొడ్డున ట్రైస్ విగ్రహం పెట్టించారు. 1997లో గానీ స్టేడియం మొత్తానికి ఆ పేరు రాలేదు. అప్పుడు విగ్రహాన్నీ స్టేడియం దగ్గరికి తెచ్చారు. కాలేజీ ఫుట్‌బాల్ అగ్రశ్రేణిలో ఒక నల్లజాతి వ్యక్తి పేరున్న స్టేడియం ఇదొక్కటే.

ఇందులో రెండు సంగతులు పట్టించుకోవాలి. ఒకటి, ట్రైస్ టైటిల్ గెలవలేదు, రికార్డు కొట్టలేదు, పెద్ద మ్యాచ్ ఒకే ఒక్కటి ఆడాడు. గెలుపును కొలబద్ద చేసుకుంటే అతనికి ఇటుక ముక్క మీద కూడా పేరు దక్కదు. రెండోది, ఈ గౌరవం పైనుంచి రాలేదు. నాలుగేళ్లకోసారి మారిపోయే విద్యార్థులు ఒక బ్యాచ్ నుంచి ఇంకో బ్యాచ్‌కు అందించుకుంటూ పాతికేళ్లు పట్టు వదలకుండా సాధించారు. దాత లేడు, గెలిచిన కోచ్ లేడు, అందుకే అంతకాలం పట్టింది. సేబన్ విగ్రహాన్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. కానీ ఏ గౌరవం ఎంత వేగంగా వచ్చిందో చూస్తే దాని వెనక ఎవరున్నారో తెలుస్తుంది.

అదే రాష్ట్రంలోని ఐయోవా యూనివర్సిటీ స్టేడియానికి నైల్ కినిక్ పేరుంది. 1939లో కాలేజీ ఆటలో అత్యున్నతమైన హైస్మన్ ట్రోఫీ గెలిచి, 1943లో నేవీ శిక్షణలో విమానం కూలి చనిపోయినవాడు. అర్హతకు ఏ లోటూ లేదు. 1972లో ఆ పేరు పెట్టేటప్పుడు, డ్యూక్ స్లేటర్ పేరు కూడా కలపాలన్న మాట వచ్చింది. స్లేటర్ 1921 జట్టులో దేశమంతా మెచ్చుకున్న నల్లజాతి ఆటగాడు, తర్వాత షికాగోలో జడ్జి అయ్యాడు. చివరికి కినిక్‌కు స్టేడియం దక్కింది, స్లేటర్‌కు హాస్టల్ దక్కింది. 2021లో లోపలి మైదానానికి స్లేటర్ పేరు పెట్టారు.

2020 తర్వాత ఇలాంటి దిద్దుబాట్లు చాలాచోట్ల వచ్చాయి. పోలీసు చేతిలో నల్లజాతి వ్యక్తి జార్జ్ ఫ్లాయిడ్ హత్య జరిగిన ఆ వేసవిలో టెక్సస్ యూనివర్సిటీ ఆటగాళ్లు తమ డిమాండ్ల జాబితాను బహిరంగంగా పెట్టారు. యూనివర్సిటీ కొన్నిటికి ఒప్పుకుంది. ఒక దాత పేరుమీదున్న మైదానానికి, ఆ దాత కుటుంబం సూచన మీదే, ఇద్దరు నల్లజాతి హైస్మన్ విజేతలు ఎర్ల్ క్యాంప్‌బెల్, రికీ విలియమ్స్ పేర్లు పెట్టింది. 1970లో అక్కడ సీనియర్ జట్టులో ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు జూలియస్ విటియర్ విగ్రహాన్ని ఆ నవంబరులోనే స్టేడియం దగ్గర పెట్టింది. విటియర్ 2018లోనే చనిపోయాడు. బతికుండగానే మతిమరుపు జబ్బు ముదిరింది, తలకు తగిలిన దెబ్బలే కారణమంటూ కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ మీద 2014లో ఆయన తరఫున కుటుంబం దావా వేసింది. జాతివివక్ష గురించి ఈ స్టేడియాలు ఆలస్యంగానైనా మాట్లాడటం నేర్చుకున్నాయి. ఆట మనిషి మెదడును ఏం చేస్తుందో చెప్పే స్మారకం మాత్రం ఇంతవరకు ఏ పెద్ద స్టేడియం గుమ్మంలోనూ లేవలేదు.

గోడల మీద రాసే ఛాంపియన్‌షిప్ సంవత్సరాల సంగతి కొంచెం తమాషాగా ఉంటుంది. 1998 దాకా అగ్రశ్రేణి కాలేజీ ఫుట్‌బాల్‌లో మొదటి రెండు స్థానాల జట్లను ఫైనల్లో తలపడేలా చేసే పక్కా ఏర్పాటే లేదు. పత్రికా విలేఖరులు, కోచ్‌లు, లెక్కలు కట్టే రకరకాల వాళ్లు ఎవరికి తోచిన విజేతను వాళ్లు ప్రకటించేవారు. ఇప్పటికీ ఈ శ్రేణిలో ఎన్‌సీఏఏ స్వయంగా ఇచ్చే టైటిల్ లేదు. అందువల్ల ఎన్నిసార్లు గెలిచామన్నది కొంతవరకు ఎవరికి వాళ్లు చెప్పుకునే లెక్క. 1941లో అలబామా రెండు మ్యాచ్‌లు ఓడిపోయి అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ పట్టికలో 20వ స్థానంలో నిలిచింది. 1980ల్లో ఆ యూనివర్సిటీ ప్రచార విభాగం పాత సంవత్సరాలు ఐదింటిని టైటిళ్ల జాబితాలో చేర్చినప్పుడు 1941 కూడా చేరిపోయింది. టెక్సస్ ఏ అండ్ ఎం 2012లో కొత్త లీగ్‌లోకి మారుతూ 1919, 1927 సంవత్సరాలను తన ఖాతాలో వేసుకుంది. గెలిచిన 93, 85 ఏళ్లకు గుర్తొచ్చిన గెలుపులన్నమాట. అబద్ధం అనలేం, ఏదో ఒక లెక్కలవాడు ఆ ఏడాది వాళ్లకే పట్టం కట్టి ఉంటాడు. కానీ పెయింట్ వేశాక గోడ చూసేవాడికి ఇవేవీ తెలియవు.

జెర్సీ నంబర్లదీ ఇలాంటి ఇబ్బందే. గొప్ప ఆటగాడి నంబరును ఇంకెవరికీ ఇవ్వకుండా రిటైర్ చేయడం పాత పద్ధతి. రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన నలుగురు ఆటగాళ్ల నంబర్లను టెనెసీ అలాగే పక్కన పెట్టింది. కానీ కాలేజీ జట్టులో వందకు పైగా ఆటగాళ్లుంటారు, నంబర్లేమో రెండంకెలు దాటకూడదు. ఇప్పటికే ఒకే నంబరును ఇద్దరికి ఇవ్వాల్సి వస్తోంది. పూర్వీకుల మీద ప్రేమకొద్దీ నంబర్లు తీసేసుకుంటూ పోతే పిల్లలకు మిగలవు. మిషిగన్ 2011లో ఒక ప్రయోగం చేసింది. ఒకప్పుడు అక్కడ ఆడి దేశాధ్యక్షుడైన జెరాల్డ్ ఫోర్డ్ నంబరు 48తో సహా రిటైరైన నంబర్లను మళ్లీ తెచ్చి, పాత ఆటగాడి పేరున్న చిన్న ప్యాచ్‌తో ఇప్పటి ఆటగాళ్లకు తొడిగింది. మంచి ఆలోచనే. అయినా 2015లో దాన్ని వదిలేసి నంబర్లను తిరిగి అటకెక్కించారు. అలబామాకు అసలు ఈ తలనొప్పే లేదు, అక్కడ నంబర్లు రిటైర్ చేయరు. కెప్టెన్ల చేతి ముద్రలు, బూటు ముద్రలు క్యాంపస్‌లోని గంట స్తంభం చుట్టూ సిమెంటులో తీసుకుంటారు.

కంచు విగ్రహాల కంటే ఇలాంటివే ఎక్కువ నమ్మదగినవి అనిపిస్తుంది. చేతికి తగిలేవి, ఏటా ఎవరో ఒకరు పూనుకుని చేస్తే తప్ప నిలవనివి. క్లెమ్సన్ యూనివర్సిటీలో మైదానంలోకి దిగే గట్టు మీద ఒక రాయి ఉంటుంది. 1960ల్లో ఎవరో స్నేహితుడు కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీ నుంచి తెచ్చి కోచ్ ఫ్రాంక్ హావర్డ్‌కు ఇచ్చాడు. క్లెమ్సన్ స్టేడియం ముద్దుపేరు కూడా డెత్ వ్యాలీయే. హావర్డ్‌కు అదేం గొప్పగా తోచలేదు, ఆఫీసు తలుపు మూసుకుపోకుండా అడ్డం పెట్టుకున్నాడు. కొన్నాళ్లకు గది సర్దుతూ, దీన్ని ఎక్కడైనా పడెయ్యమన్నాడు. పడెయ్యమన్నదాన్ని 1966లో గట్టు మీద దిమ్మె కట్టి నిలబెట్టారు. మరుసటి ఏడాది నుంచి ఆటగాళ్లు దాన్ని చేత్తో రుద్ది కిందికి పరుగెత్తడం మొదలుపెట్టారు. ఒళ్లు దాచుకోకుండా ఆడేవాడే దాన్ని ముట్టాలని హావర్డ్ షరతు పెట్టాడు, అంటే తలుపు అడ్డం కాస్తా ఏడాదిలో మొక్కుబడి రాయి అయింది. 2013లో ఎవరో రాత్రిపూట వచ్చి దాన్ని పగలగొట్టి ఒక ముక్క పట్టుకుపోయారు. ఇప్పుడు దాని చుట్టూ కాపలా ఏర్పాట్లున్నాయి.

ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో గడ్డి శ్మశానం ఉంది. 1962లో జార్జియా మీద ఆడటానికి వెళ్తున్న జట్టుతో ఒక ప్రొఫెసర్, గెలిస్తే అక్కడి మైదానం గడ్డి కొంచెం తీసుకురండి చూద్దాం అని సవాలు చేశాడు. 18-0తో గెలిచి, కెప్టెన్ గుప్పెడు గడ్డి పీకి తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. దాన్ని ప్రాక్టీస్ మైదానం పక్కన పాతిపెట్టారు. అప్పటి నుంచి, ఓడిపోతారనుకున్న మ్యాచ్ పరాయి ఊళ్లో గెలిస్తే అక్కడి మట్టిగడ్డ తెచ్చి పాతి, మీద స్కోరుతో చిన్న ఫలకం పెడతారు. ఇందులో మెచ్చుకోవాల్సిన విషయం ఆ షరతే. సులువుగా గెలిచిన మామూలు మ్యాచ్‌కు ఇక్కడ చోటు దొరకదు.

మార్షల్ యూనివర్సిటీది అన్నిటికంటే బరువైన కథ. 1970 నవంబరు 14న మ్యాచ్ ఆడి తిరిగొస్తున్న జట్టు విమానం కూలి 75 మంది చనిపోయారు. ఆటగాళ్లు, కోచ్‌లు, వెంట వెళ్లిన ఊరివాళ్లు, విమాన సిబ్బంది. క్యాంపస్‌లో వాళ్ల పేర కట్టిన ఫౌంటెన్‌ను ఏటా ఆ తేదీన కట్టేస్తారు, మళ్లీ వసంతంలోనే నీళ్లు వదులుతారు.

సరదావీ లేకపోలేదు. ఒకప్పుడు అక్కడ ఆడిన ఆర్చీ మానింగ్ నంబరు 18 కాబట్టి మిసిసిపీ యూనివర్సిటీ క్యాంపస్ రోడ్ల మీద వేగ పరిమితి గంటకు 18 మైళ్లు. సిరక్యూస్ యూనివర్సిటీ తన గొప్ప రన్నింగ్ బ్యాక్‌లు (బంతి పట్టుకుని పరుగెత్తే ఆటగాళ్లు) తొడిగిన 44 నంబరు కోసం పిన్‌కోడే 13244గా మార్పించుకుంది. అంత శ్రద్ధ ఉన్న అదే యూనివర్సిటీ 2008లో ఎర్నీ డేవిస్ విగ్రహం ఆవిష్కరిస్తే, చూసినవాళ్లు నోరు వెళ్లబెట్టారు. 1961లో హైస్మన్ గెలిచిన మొదటి నల్లజాతి ఆటగాడు ఆయన, 1963లో లుకేమియాతో పోయాడు. విగ్రహం కాళ్లకేమో నైకీ గుర్తున్న బూట్లు. నైకీ అన్న బ్రాండు పుట్టిందే 1971లో! తర్వాత సరిచేశారనుకోండి.

ఇక ముందు ఈ విగ్రహాలు ఎవరికి పెడతారన్నది చిక్కు ప్రశ్న. 2021 నుంచి ఆటగాళ్లు ఒక ఏడాది ఖాళీగా కూర్చోకుండానే యూనివర్సిటీ మారవచ్చు, తమ పేరు మీద ప్రకటనల డబ్బు సంపాదించుకోవచ్చు. 2025లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో యూనివర్సిటీలే ఏడాదికి దాదాపు 2 కోట్ల డాలర్ల దాకా ఆటగాళ్లకు నేరుగా పంచుతున్నాయి. ఆడినవాడికి జీతం రావడం న్యాయమే, ఇన్నేళ్లు రాకపోవడమే అన్యాయం. కాకపోతే మూడేళ్లలో మూడు జెర్సీలు మార్చినవాడు ఏ గేటు దగ్గర నిలబడాలి? ఆబర్న్ యూనివర్సిటీ ముందుగానే జవాబు చెప్పినట్టుంది. కామ్ న్యూటన్ అక్కడ ఆడింది 2010 సీజన్ ఒక్కటే. టైటిల్, హైస్మన్ రెండూ తెచ్చాడు, 2012లో విగ్రహం వచ్చింది. రెండేళ్లు ఆడకపోయినా ఫరవాలేదు, ఒక్క ఏడాదిలో అన్నీ గెలిస్తే చాలన్నమాట.

ఆటగాళ్లకు పంచే ఆ డబ్బు ఎక్కణ్నుంచో రావాలి. పేర్లు అమ్మడం అందుకే ఇంకా పెరుగుతుంది. టెనెసీ యూనివర్సిటీ 2024లో ట్రక్ స్టాపులు నడిపే పైలట్ కంపెనీతో ఒప్పందం చేసుకుని, దానివల్ల స్టేడియానికి పాత కోచ్ నీలండ్ పేరు చెక్కుచెదరకుండా ఉంటుందని ప్రకటించింది. పేరు మార్చనందుకు కూడా స్పాన్సర్ దొరికాడన్నమాట, ఇది కొత్త రకం బేరం. ఏమ్స్‌లో విద్యార్థులు పాతికేళ్లు పోరాడి తెచ్చుకున్న పేరుకూ ఇప్పుడు ఒక తోడు వచ్చింది. 1984 రాజీలో ట్రైస్‌కు ఇచ్చిన లోపలి మైదానం ఇప్పుడు మిడ్అమెరికన్ ఎనర్జీ అనే కరెంటు కంపెనీ పేరు మీద ఉంది. ప్రకటనల్లో రెండు పేర్లూ కలిపే రాస్తారు, కంపెనీ పేరు ముందు, ట్రైస్ పేరు తర్వాత.